అమ్మాయిని అడిగారా?



పెండ్లి ప్రకటన రాయించడానికి మా దగ్గరకు వచ్చే పెద్దలు అబ్బాయి ఉద్యోగం చెబుతారు, పొలం చెబుతారు, ఇచ్చిపుచ్చుకోవడాలు చెబుతారు. "అమ్మాయిని అడిగారా?" అంటే మాత్రం, "దాన్ని అడిగేదేముంది అయ్యగారూ" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా మాకు ఐదు వందల ఏండ్ల క్రితం జర్మనీలో బ్రతికిన ఒక ఆడబిడ్డ గుర్తుకొస్తుంది.

ఆమె పేరు కతరీనా ఫాన్ బోరా. 1499లో పుట్టింది. పసితనంలోనే ఇంటివారు మఠంలో చేర్చారు. నింబ్షెన్ అనే చోట సన్యాసిని అయింది. మార్టిన్ లూథర్ రాతలు ఆ గోడల లోపలికి కూడా చేరాయి. 1523లో ఈస్టరు సమయాన ఆమె, మరికొందరు సన్యాసినులు మఠం విడిచి బయటపడ్డారు. మఠానికి సరుకులు తోలే కొప్పె అనే వర్తకుడు వాళ్లను తన బండిలో దాటించాడు. విట్టెన్‌బర్గ్ చేరినవారికి సంబంధాలు చూసే భారం లూథర్ గారి మీద పడింది.

కతరీనాకు న్యూరెంబర్గ్ యువకుడు బౌమ్‌గార్ట్నర్ నచ్చాడు. అతనికీ ఆమె నచ్చింది. కానీ సొంత ఊరికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. తర్వాత గ్లాట్జ్ అనే సంఘ కాపరిని చూశారు. ఆమె వద్దంది. ఇల్లు లేదు, కట్నం లేదు, వయసు దాటిపోతోంది, అయినా వద్దంది. లూథర్ స్నేహితుడైన ఆమ్స్‌డార్ఫ్ దగ్గరకు వెళ్లి, మీరైనా లూథర్ గారైనా సరేగానీ ఆయన మాత్రం వద్దని తేల్చి చెప్పింది. 1525 జూన్ 13న లూథర్‌తోనే ఆమె పెండ్లి జరిగింది. ఆయనకు 41, ఆమెకు 26.

ఇది సినిమా ప్రేమ కాదు. తనది మోహంతో కూడిన ప్రేమ కాదని, అయినా భార్య అంటే ఆదరం ఉందని లూథర్ అదే నెలలో స్నేహితునికి రాశారు. ప్రేమ తర్వాత పెరిగింది, పనిలో పెరిగింది. పాత మఠమే వాళ్ల ఇల్లు. కతరీనా తోట వేసింది, పశువులను, పందులను పెంచింది, చేపల చెరువు చూసుకుంది, విద్యార్థులకు వండిపెట్టింది. ఆయన ఉత్తరాల్లో ఆమెను సరదాగా దొరగారూ అని పిలిచేవారు. ఆరుగురు బిడ్డలు పుట్టారు. ఒక పాప నెలల వయసులోనే పోయింది. 1542లో 13 ఏండ్ల మగ్దలేనా తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. ఆ దుఃఖాన్ని ఇద్దరూ కలిసి మోశారు. ఆ ఏడే లూథర్ వీలునామా రాసి, ఆనాటి ఆచారానికి భిన్నంగా, భార్యనే వారసురాలిని చేశారు. 1546లో ఆయన మరణించేవరకు ఆ కాపురం నిలిచింది.

లూథర్ తన పెండ్లికి ముందు ఏడాది, 1524లో, ఒక చిన్న పుస్తకం రాశారు. తల్లిదండ్రులు పిల్లలను బలవంతంగా పెండ్లికి ఒప్పించకూడదు, అడ్డుపడకూడదు. పిల్లలు తల్లిదండ్రులకు తెలియకుండా మాట ఇచ్చుకోకూడదు. ఆ పుస్తకం సారం ఇదే. పెద్దలకు ఒక మాట, పిల్లలకు ఒక మాట. మనం మనకు అనుకూలమైన సగమే చదువుకుంటున్నాం.

కతరీనా వద్దన్నప్పుడు ఆమె మాట చెల్లింది కాబట్టే, ఆమె సరేనన్న మాటకు విలువ వచ్చింది. వద్దనే వీలు లేని చోట సరే అనే మాట ఉత్త మౌనమే. ఆ మౌనం మీద కట్టిన కాపురాలు ఎలా ఉన్నాయో, రాత్రివేళ పాస్టరమ్మగారి దగ్గరకు వచ్చి ఏడ్చే అక్కాచెల్లెళ్లకు తెలుసు.

ఆదికాండము 24వ అధ్యాయంలో రిబ్కా ఇంటివారు సంబంధం కుదిరినా సరే, ప్రయాణానికి ముందు పిల్లను పిలిచి, వెళ్తావా అని అడిగారు. ఆమె నోటితో చెప్పాకే పంపారు.

అందుకే ఇకమీదట మన మందిరంలో ప్రకటన చదవకముందు, పాస్టరమ్మగారు అమ్మాయితో విడిగా కూర్చుని మాట్లాడతారు. అబ్బాయితో మేము మాట్లాడతాము. తల్లిదండ్రులారా, నొచ్చుకోవద్దు. ఆ మాట మీరే ముందుగా ఇంట్లో అడిగితే మాకు ఇంకా సంతోషం.