ఓడ ఎక్కని సిపాయీలు

మొదటి ప్రపంచ యుద్ధంలో రణరంగం చూడకుండానే ప్రాణాలు పోగొట్టుకున్న హిందూస్థానీ ముస్లిం సిపాయీలున్నారు. దొరలు వారిని దారి తప్పినవారన్నారు. జరిగినదేమిటో మన పిల్లలు తెలుసుకోవాలి.

సింగపూరులో కాపలా ఉన్న 5వ లైట్ ఇన్‌ఫంట్రీ పటాలంలో సిపాయీలంతా ముస్లింలే. 1914 నవంబరులో బ్రిటన్ టర్కీ మీద యుద్ధం ప్రకటించింది. టర్కీ సుల్తానే అప్పటి ఖలీఫా. పటాలంలో పదోన్నతుల తగాదాలు కూడా ఉండేవి. 1915 ఆరంభంలో ప్రయాణపు ఉత్తర్వులొచ్చాయి. వెళ్లవలసింది హాంకాంగుకు. కానీ తోటి ముస్లింల మీదికి, టర్కీకి పంపుతున్నారని పుకారు పుట్టింది. ఫిబ్రవరి 15వ తేదీ ఉదయం వీడ్కోలు చెప్పిన జనరల్ హాంకాంగు పేరే ఎత్తలేదు. ఆ మధ్యాహ్నమే తుపాకులు పేలాయి. దారిన పోయే నిరపరాధులూ బలయ్యారు. అది ఎంతమాత్రం ఒప్పుకోదగినది కాదు.

200 మందికి పైగా సైనిక విచారణ జరిగింది. సుబేదార్ డుండే ఖాన్, జమేదార్ చిస్తీ ఖాన్‌లతో సహా 47 మందిని కాల్చి చంపారు.

వార్త వస్తే విచారించి తెలుసుకోమని ఖుర్ఆన్ చెప్పింది. నమ్మినవారు విచారించలేదు, తెలిసినవారు విప్పి చెప్పలేదు. నడుమ ఇన్ని ఇళ్లు చీకటైపోయాయి. వారి తప్పొప్పులు అల్లాహ్‌కే ఎరుక.