నాలుక నుంచి మీటరు దాకా: మన నల్లా నీళ్ళ కథ

ప్రతి యేడు ఈ పుస్తకంలో పొదుపులు, అప్పులు, వడ్డీల లెక్కలే ఉంటాయి. ఈసారి నీళ్ళ లెక్క కూడా రాయాలని సమావేశంలో అనుకున్నాం. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లో మన సభ్యురాళ్ళు చాలామంది మెస్సులు, టిఫిన్ బండ్లు నడుపుతున్నారు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకుందామని జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి మన చేతి నీళ్ళే తాగుతున్నారు. వాళ్ళ తల్లులు మనల్ని నమ్మినట్టే కదా.

మన పెద్దవాళ్ళకు నాలుకే మీటరు. 1908 సెప్టెంబరులో మూసీకి వరద వచ్చి వేలమంది చనిపోయినంక, నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆ తర్వాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినయి. వరద ఆపడానికి కట్టినవే ఊరికి తాగునీళ్ళు కూడా ఇచ్చినయి. ఉస్మాన్‌సాగర్‌నే మనం గండిపేట అంటాం. గండిపేట నీళ్ళు తాగినోళ్ళు హైదరాబాద్ విడిచిపోరని సామెత కూడా పుట్టింది. తర్వాత 1965లో మంజీరా నీళ్ళు, 2004లో కృష్ణా నీళ్ళు వచ్చినయి. ఏ నీళ్ళు వచ్చినా మన ముసలమ్మలు ఒక గుక్క తాగి "గండిపేట రుచి లేదు" అనేవాళ్ళు. తెలిసిన నీళ్ళతో తెలియని నీళ్ళను పోల్చి చూడడమే అది.

నాలుకకు అందనివి ఉన్నాయని 2009 మే నెలలో తెలిసింది. మనకు దగ్గరే ఉన్న భోలక్‌పూర్‌లో మోరీ నీళ్ళు నల్లా పైపుల్లో కలిసి కలరా వచ్చింది. పది మందికి పైగా చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. కలరా క్రిమికి రంగు లేదు, రుచి లేదు. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో నీళ్ళు కాచని పొయ్యి లేదు.

ఆ భయం మీద వ్యాపారం చేసేవాళ్ళు కూడా వచ్చారు. ఫిల్టరు అమ్మేవాళ్ళు ఇనుప కడ్డీలున్న కరెంటు పెట్టెను నల్లా నీళ్ళలో ముంచితే నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరిగేవి. ఫిల్టరు నీళ్ళు తేటగా ఉండేవి. నిజానికి ఆ రంగు ఇనుము తుప్పుది. నీళ్ళలో లవణాలు ఉంటే కరెంటు పారి కడ్డీ తుప్పు పడుతుంది, ఫిల్టరు నీళ్ళలో లవణాలు తక్కువ కాబట్టి పట్టదు. పెన్నులాంటి టీడీఎస్ మీటరు కూడా లవణాలనే చూపుతుంది. క్రిముల సంగతి దానికి తెలియదు. టీడీఎస్ 150 ఉన్న నీళ్ళలో కూడా కలరా ఉండొచ్చు.

ఇక పీహెచ్ మీటరు, అంటే పులుపు, క్షారం చూపేది. దాని కొసన ఉన్న గాజు బుడ్డి పద్ధతి 1909లో జర్మనీలో కనిపెట్టారు. 1934లో అమెరికాలో ఆర్నాల్డ్ బెక్‌మన్ అనే ఆయన నిమ్మరసం పులుపు కొలవడానికి దాన్ని మీటరుగా తయారుచేశాడు. నిమ్మకాయ కోసం పుట్టిన మీటరు మన బిందె దగ్గరికి వచ్చిందన్న మాట! నీళ్ళ పులుపును బట్టి ఆ గాజు దగ్గర చిన్న కరెంటు పుడుతుంది. గాజు ఎండినా, పాతబడినా ఆ కరెంటు మారి లెక్క తప్పుతుంది.

మాకు ఇది దెబ్బ తిన్నాకనే తెలిసింది. మీటరు మూతలో తడి లేకుండా బీరువాలో పెట్టి, నెలల తర్వాత తీసి నేరుగా నల్లా నీళ్ళలో ముంచాం. 5.9 చూపింది. ఉండాల్సింది 6.5 నుంచి 8.5. మెస్సు నడిపే ఒక అక్క భయపడి నాలుగు రోజులు క్యాన్ల నీళ్ళు కొనుక్కుంది. తర్వాత 7 అని రాసి ఉన్న పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి ముంచితే అందులో కూడా 6.1 చూపింది. తప్పు నీళ్ళది కాదు, మీటరుది. ఆ అక్క ఖర్చుకు మేమే బాధ్యులం. అదే మీటరు అటువైపు తప్పి, చెడ్డ నీళ్ళను మంచివని చూపి ఉంటే?

మన పొదుపు పుస్తకాన్ని బ్యాంకు పుస్తకంతో సరిచూసుకున్నట్టే ఇది. ముందు 7 నీళ్ళలో, తర్వాత 4 నీళ్ళలో ముంచి సరిచేయాలి. మధ్యలో డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, గాజును రుద్దకుండా అద్దాలి. టీడీఎస్ పెన్నుకు వేరే ఉప్పు ద్రావణం ఉంటుంది, దాని మీద 1413 అని రాసి ఉంటుంది.

క్లోరిన్‌కు మాత్రం మీటరు అక్కర్లేదు. చుక్కలు వేసి రంగును పట్టీతో పోల్చితే చాలు. లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా ఉండాలి. సంపులో నిలవున్న నీళ్ళు కాకుండా నల్లా విప్పినప్పుడు వచ్చేవే పట్టాలి. చుక్కల సీసా మీద తేదీ దాటితే వాడొద్దు. క్లోరిన్ అసలే కనిపించకపోతే ఆ రోజు నీళ్ళు కాచి, నీళ్ళ బోర్డుకు ఫిర్యాదు చేస్తున్నాం. నారాయణగూడ ఐ.పి.ఎం. అంటే కుక్క కరిస్తే సూదికి పోయే చోటనే మనకు తెలుసు. నీళ్ళు పరీక్షించే ప్రభుత్వ ల్యాబు కూడా అక్కడే ఉంది. క్రిముల అనుమానం ఉన్నప్పుడు మన మీటర్లు పక్కన పెట్టి అక్కడ అడగాలి.

ఈ యేడు నీళ్ళ రిజిస్టరులో కొత్తగా ఒక గడి గీశాం. నల్లా లెక్కకు ముందు, మీటరు 7 నీళ్ళలో ఎంత చూపిందో అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్న రోజు నల్లా లెక్కను ఎక్కించొద్దని తీర్మానం చేశాం.