బ్రేకు పీకేస్తే పుట్టిన హబ్బు: వెనక్కి దొర్లే బీఎంఎక్స్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్‌లోకి వెళ్లేముందు మీకో చిన్న పని. ఇంట్లో సైకిల్ ఉంటే స్టాండు తీసి, సీటు పట్టుకుని నాలుగడుగులు వెనక్కి లాగండి. పెడల్స్ వాటంతటవే వెనక్కి తిరుగుతాయి. పక్కనే నిలబడితే పెడల్ వచ్చి పిక్కకు టక్కున తగులుతుంది. ఇరుకు సందులోంచి సైకిల్ బయటికి తీస్తూ ఆ దెబ్బ నేను చాలాసార్లు తిన్నాను. మీరూ తినే ఉంటారు.

ఇప్పుడు మీ ఫోన్లో చూసిన బీఎంఎక్స్ వీడియోలు గుర్తు చేసుకోండి. కుర్రాడు గాల్లోకి ఎగిరి, సగం చుట్టు తిరిగి, నేలమీద దిగుతాడు. సైకిల్ వెనక్కి దొర్లుతూ పోతుంటుంది. కానీ కాళ్లు కదలవు, పెడల్స్ తిరగవు. ఇది ఎడిటింగ్ కాదు. అంతా వెనక చక్రం మధ్యలో ఉండే హబ్బు మహిమ. దాని పేరు ఫ్రీకోస్టర్.

ముందు మన మామూలు సైకిల్ సంగతి చూద్దాం. వెనక ఫ్రీవీల్ లోపల చుట్టూ పళ్లు ఉంటాయి, వాటికి ఆనుకుని స్ప్రింగు మీద లేచే చిన్న ఇనుప నాలుకలు ఉంటాయి. ముందుకు తొక్కితే నాలుకలు పళ్లను పట్టుకుంటాయి, చక్రం తిరుగుతుంది. తొక్కడం ఆపితే నాలుకలు పళ్లమీద జారిపోతాయి. ఆ కటకట చప్పుడు అదే. కానీ చక్రం వెనక్కి తిరిగితే నాలుకలు మళ్లీ పట్టేస్తాయి. చక్రం చైన్‌ని లాగుతుంది, చైను పెడల్‌ని లాగుతుంది.

బీఎంఎక్స్‌లో మామూలుగా వాడే క్యాసెట్ హబ్బు కూడా ఇంతే. అంటే వెనక్కి దొర్లుతున్న రైడర్ సరిగ్గా చక్రం వేగానికి తగ్గట్టు వెనక్కి తొక్కుతూనే ఉండాలి. లెక్క చూడండి. ఈ రోజుల్లో బీఎంఎక్స్‌కి ముందు 25 పళ్లు, వెనక 9 పళ్లు పెట్టడం మామూలు. 20 అంగుళాల చక్రం ఒక చుట్టుకు సుమారు ఒకటిన్నర మీటరు పోతుంది. అంటే సైకిల్ 4 మీటర్లు వెనక్కి పోయేసరికి పెడల్ దాదాపు ఒక చుట్టు తిరిగిపోతుంది. మెడ తిప్పి వెనక్కి చూస్తూ, బ్యాలెన్స్ చేస్తూ, కాళ్లతో ఈ లెక్క తప్పకుండా తొక్కాలి. ఒక్క క్షణం కాలు బిగిసిందా, కింద పడ్డట్టే.

మరి దీనికి మందు ఎక్కడ దొరికింది? చిత్రం ఏంటంటే, అది దొరికింది ఒక బ్రేకులో.

కాస్త వెనక్కి వెళ్దాం. 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లీ రోవర్ సైకిల్ తెచ్చాడు. ఇప్పటి మన సైకిల్ రూపం అక్కడే స్థిరపడింది. అప్పట్లో ఫ్రీవీల్ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరిగేది. దిగుడు వస్తే కాళ్లు పైకెత్తి పెట్టుకోవడమే. తర్వాత ఫ్రీవీల్ వచ్చి కాళ్లకు విశ్రాంతి దొరికింది. కానీ పెడల్‌ని బిగబట్టి వేగం తగ్గించే వీలు పోయింది. దానికి జవాబుగా 1890ల చివర అమెరికాలో కోస్టర్ బ్రేకు వచ్చింది. ముందుకు తొక్కితే పరుగు, తొక్కడం ఆపితే దొర్లుడు, వెనక్కి తొక్కితే బ్రేకు. మూడు పనులూ ఒకే హబ్బులో. అమెరికా పిల్లల సైకిళ్లకు దశాబ్దాల పాటు అదే దిక్కు.

దీని లోపల ఏముందో జాగ్రత్తగా వినండి, కథంతా ఇక్కడే ఉంది. చైను తిప్పే ముక్కకు లావుపాటి మరలు ఉంటాయి. వాటిమీద గరాటు ఆకారంలో ఒక క్లచ్ ఉంటుంది. ముందుకు తొక్కితే, నట్టు బోల్టు మీద నడిచినట్టు ఆ క్లచ్ పక్కకు జరిగి హబ్బు గోడకు బిగుసుకుంటుంది. చక్రం కదులుతుంది. వెనక్కి తొక్కితే క్లచ్ అవతలి వైపు జరిగి బ్రేకు ముక్కలను నొక్కుతుంది. మరి మధ్యలో ఉన్నప్పుడు? దేన్నీ ముట్టుకోదు. చక్రం ఎటు తిరిగినా పెడల్‌కి సంబంధం లేదు!

1970 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మోటోక్రాస్ బైకులను చూసి, చిన్న సైకిళ్లతో మట్టి ట్రాకుల మీద రేసులు మొదలుపెట్టారు. బీఎంఎక్స్ పుట్టుక అది. ఆ దశాబ్దం చివరికి బాబ్ హారో లాంటి వాళ్లు రేసు వదిలి విన్యాసాలకు మళ్లారు. 1980లలో చదును నేలమీద చేసే ఫ్లాట్‌ల్యాండ్ ఊపందుకుంది. పెన్సిల్వేనియాలోని యార్క్‌కి చెందిన కెవిన్ జోన్స్ లాంటి వాళ్లు, ఆగి నిలబడే విన్యాసాల స్థానంలో దొర్లుతూ చేసే విన్యాసాలను తెచ్చారు. ఇరుసు పక్కన బిగించిన పెగ్గుల మీద నిలబడి సైకిల్‌ని వెనక్కి పోనిస్తుంటే, పెడల్ గిర్రున తిరుగుతూ వచ్చి కాలికి కొడుతుంది. మన సందులోని దెబ్బే, కాకపోతే ఇక్కడ ఏకంగా పడిపోతారు.

అప్పుడు రైడర్లు చేసిన పని ఇదీ: కోస్టర్ బ్రేకు హబ్బు విప్పి, లోపలి బ్రేకు ముక్కలు తీసేసి, మళ్లీ బిగించారు. అంతే! ఇప్పుడు వెనక్కి తొక్కితే బ్రేకు పడదు, క్లచ్ ఊరికే విడిపోతుంది. ఫ్రీకోస్టర్ అనే పేరు కూడా ఆ పాత కోస్టర్ నుంచే వచ్చింది. కంపెనీలు తర్వాత దారిలోకి వచ్చి, మొదటినుంచీ బ్రేకు లేకుండానే ఈ హబ్బులు తయారుచేశాయి. జర్మనీకి చెందిన కేహెచ్ఈ అందులో ఒకటి. 2010లకి వచ్చేసరికి వీధుల్లో మెట్లు దూకే స్ట్రీట్ రైడర్ల చేతుల్లోకీ ఇది చేరింది.

అయితే ఉచితంగా ఏదీ రాదు కదా. క్లచ్ జరిగి బిగుసుకునేదాకా పెడల్ కొంత దూరం ఉత్తినే తిరుగుతుంది. దీన్ని స్లాక్ అంటారు. ర్యాంపు ముందు ఒక్క తొక్కు కావాల్సిన చోట కాలు కిందికి జారిపోతుంది. స్లాక్ మరీ తగ్గిస్తే, వెనక్కి పోతుండగా క్లచ్ పొరపాటున తగులుకునే ప్రమాదం. అందుకే చాలా హబ్బుల్లో దీన్ని సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది.

ఇంకో గొడవ కూడా ఉంది. "వెనక్కి తొక్కడమే అసలు పనితనం, ఫ్రీకోస్టర్ అంటే మోసం" అనేవాళ్లున్నారు. నా మాట అడిగితే, మోసం కాదు. క్యాసెట్‌తో కష్టం వెనక్కి పోయేటప్పుడు, ఫ్రీకోస్టర్‌తో కష్టం మళ్లీ ముందుకు తొక్కేటప్పుడు. కష్టం పోలేదు, చోటు మారింది. పైగా, కాళ్లు స్థిరంగా ఉండటం వల్లే ఇంతకుముందు ఊహకు రాని విన్యాసాలు వచ్చాయి.

ఒక్క మాట: ఈ ఎపిసోడ్ చూసి ఎవరూ ఇంట్లో సైకిల్ బ్రేకు పీకకండి, దయచేసి! కావాలంటే మీ వీధి చివర సైకిల్ షాపులో పాత ఫ్రీవీల్ ఒకటి విప్పి చూపించమనండి. ఆ నాలుకలు, ఆ స్ప్రింగులు కంటితో చూస్తే నేను ఇంతసేపు చెప్పింది అర నిమిషంలో అర్థమవుతుంది.

మరి మీరేమంటారు, మోసమా కాదా? కామెంట్లో రాయండి. మళ్లీ కలుద్దాం.