నొప్పులు తెప్పించి కాన్పు చేయడం: బెంగళూరు తెలుగు కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన విషయాలు

ఇంట్లో ఆడపిల్ల కాన్పుకు ఆసుపత్రిలో చేరితే, మన సంఘం కార్యాలయానికి ఫోను రావడం మామూలే. రక్తం కావాలనో, తాయి కార్డు ఎక్కడ ఇస్తారనో అడుగుతారు. ఈమధ్య ఎక్కువగా వింటున్న ప్రశ్న వేరు. "నిన్న సాయంత్రం నొప్పులకు మందు పెట్టారండీ. ఇంతవరకు ఏమీ కాలేదు. ఆపరేషన్ చేసేయమని చెప్పేద్దామా?"

చేయాలా వద్దా అన్నది డాక్టరు, ఆ తల్లి కలిసి తేల్చుకోవలసిన మాట. అయితే మందు పెట్టడం అంటే ఏమిటో, దానికి ఎంత సమయం పడుతుందో ముందే తెలిసి ఉంటే, బయట కూర్చున్న మనకు సగం కంగారు తగ్గుతుంది. మన కంగారు లోపల ఉన్న అమ్మాయి మీద పడకుండా ఉంటుంది. ఈ వ్యాసం అందుకోసమే. ఇది డాక్టరు సలహాకు బదులు కాదని మనవి.

ఎందుకు తెప్పిస్తారు

నెలలు నిండాక నొప్పులు వాటంతటవే రావడం సహజం. ఇంకా ఆగడం తల్లికి గానీ బిడ్డకు గానీ క్షేమం కాదని తేలినప్పుడు డాక్టర్లు నొప్పులు తెప్పిస్తారు. ముఖ్య కారణాలు ఇవి: డేటు దాటిపోవడం, నొప్పులు రాకుండానే ఉమ్మనీరు పోవడం, బీపీ పెరగడం, షుగరు ఉండడం, బిడ్డ ఎదుగుదల తగ్గడం, ఉమ్మనీరు తగ్గిపోవడం. బీపీని అశ్రద్ధ చేస్తే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అని భయపడింది దాన్నే.

డాక్టరు ఇచ్చే డేటు 40 వారాల లెక్క. 41 వారాలు నిండినా నొప్పులు రాకపోతే తెప్పించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. ఆ తర్వాత కడుపులోనే బిడ్డ పోయే ప్రమాదం కొద్దికొద్దిగా పెరుగుతుంది కనుక ఈ జాగ్రత్త.

ఇక్కడ మన ఆచారంతో ముడిపడిన సంగతి ఒకటుంది. తొలి కాన్పుకు ఏడో నెలలో శ్రీమంతం చేసి అమ్మాయిని అనంతపురమో, చిత్తూరో, కడపో పుట్టింటికి తీసుకుపోతాం. మూడో నెలలోపు బెంగళూరులో తీసిన స్కానింగ్ కాగితం ఇక్కడే బీరువాలో ఉండిపోతుంది. వారాల లెక్కకు అన్నిటికన్నా నమ్మదగినది ఆ మొదటి స్కానింగే. అది లేకపోతే 39 వారాలా, 41 వారాలా అన్నది కొత్త డాక్టరు గట్టిగా చెప్పలేరు. పుట్టింటి నుంచి ఇక్కడికి వచ్చేవారికీ ఇదే వర్తిస్తుంది.

ముహూర్తం బాగుందని, అమావాస్య ముందు అయిపోవాలని, అల్లుడికి సెలవు లేదని నొప్పులు తెప్పించమని అడగడం తగదు. అవి వైద్య కారణాలు కావు.

ఎలా తెప్పిస్తారు

ముందుగా లోపల పరీక్ష చేసి గర్భాశయ ద్వారం మెత్తబడిందా, ఎంత తెరుచుకుంది అని చూసి మార్కులు వేస్తారు. 1964లో బిషప్ అనే డాక్టరు ప్రకటించిన పద్ధతి కనుక దీన్ని బిషప్ స్కోరు అంటారు. స్కోరు తక్కువ ఉంటే ముందు ద్వారాన్ని మెత్తబరచాలి. అందుకు మూడు మార్గాలు వాడుకలో ఉన్నాయి.

మొదటిది జెల్. లోపల పెట్టి, అవసరమైతే ఆరు గంటల తర్వాత మళ్లీ పెడతారు. రెండోది మిసోప్రోస్టాల్ అనే మాత్ర, చాలా చిన్న మోతాదులో ఇస్తారు. ఇదివరకు సిజేరియన్ అయినవారికి ఈ మాత్ర ఇవ్వకూడదు. పాత కుట్టు దగ్గర గర్భాశయం చిట్లే ప్రమాదం ఉంది. అందుకే పాత ఆపరేషన్ సంగతి దాచకుండా చెప్పాలి. మూడోది బెలూన్ ఉన్న సన్నని గొట్టం. ద్వారం లోపల పెట్టి నీటితో ఉబ్బిస్తే, మెల్లగా ద్వారం తెరుచుకుంటుంది.

ద్వారం మెత్తబడ్డాక ఉమ్మనీటి సంచిని పగలగొట్టి, ఆక్సిటోసిన్ మందును సెలైన్‌లో కలిపి చుక్కచుక్కగా ఎక్కిస్తారు. మనవాళ్లు నొప్పుల సూది అనేది దీన్నే. ఇది మన ఒంట్లో సహజంగా ఊరే పదార్థమే. అమెరికా శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యో 1953లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. మన ఊరికీ ఈ మందుకూ ఒక సంబంధం ఉంది. పాడి పశువులకు దీన్ని దుర్వినియోగం చేస్తున్నారని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీల తయారీని నిషేధించి, బెంగళూరులోని ప్రభుత్వ సంస్థ కర్ణాటక యాంటీబయాటిక్స్ ఒక్కదానికే ఆ పని అప్పగించింది. తల్లులకు మందు కొరత వస్తుందన్న వాదన విని, అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి కూడా ఇదే మందు ప్రాణాధారం.

మందు ఎక్కువైతే నొప్పులు మరీ దగ్గర దగ్గరగా వస్తాయి. పది నిమిషాలలో ఐదు సార్లకు మించి వస్తే బిడ్డకు గాలి అందదు. కనుక డ్రిప్ ఎక్కుతున్నంతసేపు బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉండాలి. నిమిషానికి 110 నుంచి 160 వరకు ఉండడం మామూలు. "త్వరగా అవుతుంది, డ్రిప్ పెంచండి" అని నర్సులను ఎవరూ తొందరపెట్టరాదు.

ఒక తల్లి చెప్పిన లెక్క

మన సభ్యుల కుటుంబంలోని ఒక అమ్మాయి తన తొలి కాన్పు వివరాలు చెప్పింది. తన పేరు, ఆసుపత్రి పేరు రాయవద్దంది.

41 వారాలు నిండాయి. సోమవారం రాత్రి 8 గంటలకు జెల్ పెట్టారు. రాత్రంతా నెలసరి నొప్పిలాంటిది తప్ప మరేమీ లేదు. తెల్లవారుజామున 2 గంటలకు రెండోసారి పెట్టారు. ఉదయం 9కి చూస్తే ద్వారం 2 సెంటీమీటర్లే. బయట బంధువులు అప్పటికే ఆపరేషన్ మాట ఎత్తారు. డాక్టరు వచ్చి, బిడ్డ గుండె బాగుంది, ఆగవచ్చు అన్నారు. అత్తగారు ఫోను చేసి, "నీకు ఓపిక ఉందా అమ్మా? నువ్వేమంటే అదే చెబుతాం" అని అడిగారట. ఆగుతానంది.

11 గంటలకు ఉమ్మనీరు తీసి డ్రిప్ పెట్టారు. అప్పటినుంచి నొప్పి స్వభావమే మారిపోయిందట. ఒకటి తగ్గేలోపే ఇంకొకటి. సాయంత్రం 5కి 5 సెంటీమీటర్లు. రాత్రి 10 గంటల 20 నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది, 2.9 కిలోలు. జెల్ పెట్టినప్పటినుంచి లెక్కేస్తే 26 గంటల పైచిలుకు.

"నొప్పి కన్నా కష్టమైంది ఒకటుంది అంకుల్," అంది. "వచ్చి పరీక్ష చేసి ఏమీ చెప్పకుండా వెళ్లిపోయేవారు. ఒక నర్సమ్మ మాత్రం ఎంత అయిందో, ఇంకా ఎంత కావాలో చెప్పేది. ఆ మాట పట్టుకునే గడిపాను."

26 గంటలు ఎక్కువా?

కాదు. తొలి కాన్పులో, ద్వారం గట్టిగా ఉన్నప్పుడు, ఒక రోజుకు పైగా పట్టడం మామూలే. చురుకైన నొప్పుల దశ 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. తల్లీబిడ్డా క్షేమంగా ఉంటే, ఉమ్మనీరు తీసి డ్రిప్ పెట్టాక కనీసం 12 నుంచి 18 గంటలు చూడాలని, అంతకుముందే మందు పనిచేయలేదని తేల్చరాదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం మార్గదర్శకం.

మందు పెడితే చివరకు ఆపరేషనే అన్న మాట కూడా నిజం కాదు. అమెరికాలో 6,000 మందికి పైగా తొలిచూలు తల్లులపై జరిపిన అధ్యయనం 2018లో వెలువడింది. 39వ వారంలో నొప్పులు తెప్పించినవారిలో 18.6 శాతానికి, ఆగి చూసినవారిలో 22.2 శాతానికి ఆపరేషన్ అయింది. అక్కడ ఓపికగా వేచి చూశారన్నది గుర్తుంచుకోవాలి.

ఇక మన లెక్కలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు దేశం మొత్తం మీద 21.5 శాతం, కర్ణాటకలో 31.5, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7 శాతం. దేశంలో అగ్రస్థానం తెలంగాణదే. ఇదంతా డాక్టర్ల వల్లే అనడం న్యాయం కాదు. ముహూర్తాలు అడిగింది మనమే, "ఎంతసేపు ఆగాలి" అని గొడవపడేదీ మనమే. అలాగని బిడ్డ గుండె తగ్గినా, రక్తస్రావమైనా, ద్వారం తెరుచుకోకపోయినా ఆపరేషన్ ప్రాణం కాపాడుతుంది. అప్పుడు వద్దని అడ్డుపడటం అంతకన్నా పెద్ద తప్పు.

సంతకం ఎవరిది

మేజరైన, స్పృహలో ఉన్న తల్లి వైద్యానికి ఒప్పుకోవలసింది ఆమే. భర్త, అత్తమామలు, కన్నతల్లి ఆమె బదులు ఒప్పుకోవడానికి వీల్లేదు. ఒక స్త్రీ మత్తులో ఉండగా ఆమె తల్లిని అడిగి గర్భసంచి తీసేసిన కేసులో, ఆ అంగీకారం చెల్లదని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రాణాపాయ సమయానికి మాత్రమే మినహాయింపు. కనుక ఫారం అమ్మాయికి అర్థమయ్యేలా చదివి చెప్పమని అడగండి. తెలుగులో సంతకం చేసినా చెల్లుతుంది.

కాన్పు గదిలో తోడుగా ఒక స్త్రీని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రభుత్వ ఆసుపత్రులకు మార్గదర్శకాలిచ్చింది. కాన్పు అయిన అనుభవం ఉన్నావిడ, ముఖ్యంగా కన్నడం వచ్చినావిడ అయితే మేలు.

కాగితాలు, భాష

కర్ణాటకలో గర్భిణికి ఇచ్చే పుస్తకాన్ని తాయి కార్డు అంటారు. మీ వార్డు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా కార్యకర్త ద్వారా మూడో నెలలోపే తీసుకోండి. దీని విలువ ఏమిటో 2022 నవంబరులో తుమకూరులో తెలిసింది. నొప్పులతో జిల్లా ఆసుపత్రికి వెళ్లిన ఒక తమిళ తల్లిని తాయి కార్డు, ఆధార్ లేవని చేర్చుకోలేదు. ఇంటికి తిరిగి వెళ్లి కవలలను కంటూ ఆమె, ఇద్దరు పసికందులు చనిపోయారు. డాక్టరును, నర్సులను ప్రభుత్వం సస్పెండ్ చేసింది. అత్యవసరంలో కాగితాలు లేవని ఎవరినీ వెనక్కి పంపకూడదు. పంపితే 104కు ఫోను చేయండి. బండికి 108.

పొరుగు రాష్ట్రం నుంచి వచ్చి కూలి పనులు చేసుకునే మనవాళ్లు ఎందరో ఇక్కడ ఉన్నారు. ఆ తల్లి స్థానంలో మన ఆడపడుచు ఉండవచ్చు. మీ పక్కన కట్టడం పనుల షెడ్లలో గర్భిణి ఉంటే, కార్డు ఉందా అని ఒక మాట అడగండి.

భాషలో కొన్ని మాటలు తికమక పెడతాయి. కన్నడంలో మగు అంటే బిడ్డ, మగపిల్లాడు కాదు. ఉసిరు అంటే ఊపిరి. నోవు అంటే నొప్పి, హెరిగె అంటే కాన్పు, హొట్టె అంటే పొట్ట, హాలు అంటే పాలు. ఈ ఆరు మాటలు వస్తే నర్సమ్మ చెప్పేది చాలావరకు అర్థమవుతుంది.

ఎక్కడికి, ఎంత ఖర్చు

కె.ఆర్. మార్కెట్ దగ్గర, విక్టోరియా పక్కనున్న వాణీవిలాస ఆసుపత్రి 1935 నుంచి తల్లులకు సేవ చేస్తోంది. శివాజీనగరలో గోషా ఆసుపత్రి, మల్లేశ్వరంలో కె.సి. జనరల్, జయనగరలో జనరల్ ఆసుపత్రి ఉన్నాయి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. ప్రైవేటులో మామూలు కాన్పుకు ఎంత, ఆపరేషన్‌కు ఎంత, ఒక రోజు ఎక్కువ ఉంటే ఎంత అని చేరకముందే రాయించుకోండి. మందు పెట్టాక ఒకటి రెండు రోజులు పట్టవచ్చు కనుక మూడో ప్రశ్న మరచిపోవద్దు.

కాన్పు అయ్యాక

ఎక్కువసేపు డ్రిప్ మీద ఉన్న గర్భాశయం అలసి, రక్తం ఎక్కువ పోయే అవకాశముంది. కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉండాలి. గుడ్డలు వెంటవెంటనే తడిసిపోతున్నా, కళ్లు తిరుగుతున్నా, విపరీతమైన తలనొప్పి వచ్చినా వెంటనే నర్సుకు చెప్పాలి. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించాలి. పొట్ట వస్తుందని బాలింతకు నీళ్లు తగ్గించే అలవాటు మనలో ఇంకా ఉంది. అది మానాలి.

మందు పెట్టకముందు అడగవలసిన ఆరు ప్రశ్నలు

1. నొప్పులు ఎందుకు తెప్పిస్తున్నారు? ఇంకో రెండు రోజులు ఆగితే ఏమవుతుంది?
2. ఇవాళ్టికి సరిగ్గా ఎన్ని వారాలు? ఏ స్కానింగ్ లెక్క?
3. ద్వారం ఎంత మెత్తబడింది? ముందు ఏ మందు వాడతారు?
4. ఎన్ని గంటలు చూస్తారు? ఏం జరిగితే ఆపరేషన్ అంటారు?
5. నొప్పి తగ్గించడానికి ఏ వసతి ఉంది? తోడు ఎవరు ఉండవచ్చు?
6. రక్తం అవసరమైతే ఇక్కడే దొరుకుతుందా?

ఈ ప్రశ్నలను ఒక చీటీ మీద రాసి, మొదటి స్కానింగ్ కాగితంతో కలిపి తాయి కార్డులో పెట్టండి. అడగవలసింది అమ్మాయి. జవాబులు ఆమెతో పాటు విని గుర్తుపెట్టుకోవలసింది మనం.