ఒక మార్కు బిట్టు: లా కాలేజీ గుమ్మం ముందు మన పిల్లలు

"భారత రాజ్యాంగంలో అస్పృశ్యతను రద్దు చేసిన అధికరణ ఏది?" లాసెట్ గైడుల్లో ఇది ఒక మార్కు బిట్టు. నాలుగు జవాబులిచ్చి ఒకటి గుర్తించమంటారు. వినుకొండ చుట్టుపక్కల పల్లెల్లో మాల మాదిగ పిల్లలు దీనికి జవాబు 17 అని బట్టీ పడుతున్నారు. హోటల్లో తమ గ్లాసు తామే కడిగి పక్కన బోర్లించి వచ్చిన తాతల మనవళ్లు, మనవరాళ్లు వీళ్లు. ఆ కథ ఇంట్లో వినీ వినీ పెరిగారు. అధికరణ అంకె మాత్రం గైడు చూస్తే గానీ తెలియలేదు.

మేమూ అలా బట్టీ పట్టినవాళ్లమే. మా వైపు జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరపకోతలు. ఎంట్రన్సు ఎండాకాలంలో. అంటే చదవాల్సిన నెలలన్నీ కూలికి పోవాల్సిన నెలలే. పగలంతా కాయ కోసి, కల్లంలో తాలుకాయలు ఏరి వచ్చి, రాత్రి గైడు తెరిచేవాళ్లం. "చేతులు కడుక్కోకుండా పుస్తకం పట్టుకోమాక నాయనా, అది కూడా మండుద్ది" అనేది మా అమ్మ. ర్యాంకయితే వచ్చింది. సీటొచ్చిన ఊళ్లో ఉండి చదివే దోవ లేక చేరలేదు. తర్వాత చరిత్ర వైపు వచ్చాం. చేరలేకపోయిన ఆ గుమ్మం చరిత్ర ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదలే ఈ వ్యాసానికి మూలం.

లా ఎంట్రన్సుకు చదవడాన్ని మన మధ్యతరగతి ఉద్యోగ ప్రయత్నంగా చూస్తుంది. మన వాడల్లో అది అంత మాత్రమే కాదు. కోర్టు వరండాలో బాధితులుగా, సాక్షులుగా, ఎక్కువసార్లు ముద్దాయిలుగా నిలబడ్డ జనం, వాదించేవాళ్లుగా లోపలికి పోవడానికి చేస్తున్న ప్రయత్నం అది. ఆ గుమ్మం దగ్గర కాపలా కాలాన్ని బట్టి మారింది. మొదట కులం కాపలా కాసింది. తర్వాత దానికి డబ్బు తోడైంది. ఇప్పుడు ఇంగ్లీషు వచ్చి చేరింది. పాత కాపలాదార్లు కూడా పూర్తిగా ఇంటికి పోలేదు.

గబ్బిలం పట్టిన వకాల్తా

వినుకొండ అంటే గుర్రం జాషువా. 1895 సెప్టెంబర్ 28న ఆయన పుట్టింది ఇక్కడే. 1941లో వచ్చిన ఆయన 'గబ్బిలం'ను అందరూ కావ్యంగా చదువుతారు. మేం దాన్ని ఒక అర్జీగా కూడా చదువుతాం. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి తన ఫిర్యాదును గబ్బిలం చేత కాశీలోని శివుడికి పంపుకుంటాడు. గుడిలో వేలాడే గబ్బిలానికి ప్రవేశం ఉంది, మనిషికి లేదు. ఫిర్యాదుదారు స్వయంగా హాజరు కాలేని కోర్టు అది. అందుకే గబ్బిలానికి వకాల్తా ఇచ్చాడు. మన తరఫున నిలబడే వకీలు లేని కాలాన్ని ఇంతకంటే సూటిగా చెప్పిన రచన తెలుగులో మాకు కనపడలేదు.

ధర్మశాస్త్రమంటే ఆ రోజుల్లో లా పుస్తకమే కదా. వేదం విన్న శూద్రుడి చెవిలో లోహం కరిగించి పొయ్యమన్న గౌతమ ధర్మసూత్రం కూడా ఆ కోవలోదే. శూద్రుడికే ఆ శిక్ష అయితే ఊరి బయట ఉన్నవాళ్ల సంగతి చెప్పాలా? ఎవరు చదవాలి, ఎవరు వినకూడదు అని తేల్చడం మన దేశంలో ఎంట్రన్సు పరీక్షల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందే మొదలైంది.

బ్రిటిష్ కోర్టులొచ్చాక చట్టం ముందు అందరూ సమానమే అన్నారు. కాగితం మీద గుమ్మం తెరుచుకుంది. కానీ వకీలు కావాలంటే డిగ్రీ కావాలి, డిగ్రీకి పట్నం కావాలి, పట్నంలో తిండికీ గదికీ డబ్బు కావాలి, డబ్బున్నా గది ఇచ్చేవాడు కావాలి. అంబేద్కర్ అంతటివాడు కొలంబియాకు, లండన్‌కు పోయి చదవడం వెనక బరోడా, కొల్హాపూర్ సంస్థానాల సాయం ఉంది. గ్రేస్ ఇన్‌లో బారిస్టరై వచ్చి 1923లో బొంబాయిలో ప్రాక్టీసు పెట్టాడు.

తెలుగు నేల మీద దామోదరం సంజీవయ్య సంగతి చూడండి. 1921లో కర్నూలు దగ్గర పెదపాడులో పుట్టాడు. మద్రాసు లా కాలేజీలో చదువుతూ, పొట్ట గడవడానికి బడిలో పార్ట్‌టైం పంతులుగా పాఠాలు చెప్పి 1948లో లా పట్టా తీసుకున్నాడు. పన్నెండేళ్లు తిరిగేసరికి, 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి దళితుడు ఆయనే. ఇవి ఒకరిద్దరి విజయాలు. దళిత విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది 1944లో. అంటే మామూలు కూలి కుటుంబం పిల్లాడు పై చదువు గురించి తలచుకోవడానికైనా వీలు దొరికి నిండా వందేళ్లు కాలేదు.

ఇక్కడ మా ప్రాంతానికి సంబంధించిన ఒక విషయం గమనించాలి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక 1954 జూలై 5న హైకోర్టు మొదలైంది గుంటూరులోనే. 1956లో హైదరాబాద్‌కు తరలే దాకా అక్కడే నడిచింది. 2019 జనవరి 1 నుంచి మళ్లీ ఈ నేల మీదికే, అమరావతికి వచ్చింది. వినుకొండ నుంచి గుంటూరు వంద కిలోమీటర్ల లోపే. ఆ రెండేళ్లలో మన పల్లెల నుంచి ఎంతమంది ఆ హాల్లో నిలబడి వాదించి ఉంటారు? రాష్ట్రంలోకెల్లా పెద్ద కోర్టు పక్కకొచ్చి కూర్చున్నా, మనవాళ్లు దాన్ని చూసింది బయటి నుంచే. దూరం తగ్గినంత మాత్రాన గుమ్మం తెరుచుకోదు.

కారంచేడు, చుండూరు చెప్పిన పాఠం

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు, ఆడవాళ్లపై అత్యాచారాలు చేశారు. తగువు మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. ఊరొదిలి చీరాల చేరిన జనం శిబిరం పెట్టుకుని పోరాడారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది. అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా ఇచ్చి జనం వైపు వచ్చాడు. మన ఉద్యమ చరిత్రలో దీన్ని త్యాగంగా చెప్పుకుంటాం. అది నిజమే. దానితోపాటు ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ రోజు రాజీనామా ఇవ్వడానికి ఆ కుర్చీలో మన మనిషి ఒకడున్నాడు. వకీలుగా అప్పటికే తయారై ఉన్నాడు. లేకపోతే శిబిరంలో ఆవేశం ఉండేది గానీ పిటిషన్ ఉండేది కాదు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అని తెలుగులో పుస్తకం రాసి, చట్టాన్ని కూలివాడి చేతికిచ్చింది కూడా ఆయనే.

కారంచేడు కేసు ఎంత కాలం నడిచింది? కింది కోర్టు వేసిన శిక్షల్ని హైకోర్టు కొట్టేస్తే, చివరికి 2008లో సుప్రీంకోర్టు ఒకరికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ల శిక్ష ఖరారు చేసింది. ఇరవై మూడేళ్లు! అప్పటికి నాటి సాక్షుల్లో ఎందరు మిగిలారో?

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. అక్కడ తగువు సినిమా హాల్లో మొదలైంది. చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీటుకు తగలడమే నేరమైంది. చదువు మీద ఉన్న కడుపుమంటే కాలి మీదికి వచ్చిందని మా అభిప్రాయం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద చుండూరులోనే, ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు బాధితులు. స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా బి. చంద్రశేఖర్ వాదించాడు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ విడుదల చేసింది.

ఈ రెండు కేసుల నుంచి మేం నేర్చుకున్నది ఇది. చట్టం పోరాడి తెచ్చుకున్నా, దాన్ని పోలీస్ స్టేషన్లో ఎఫ్ఐఆర్ దగ్గర నుంచి పై కోర్టు అప్పీలు దాకా ఇరవై ఏళ్లు మోసే మనుషులు కావాలి. సాక్షి వాంగ్మూలం మొదటి రోజే సరిగ్గా రాయించే జూనియర్ వకీలు వినుకొండలో, నరసరావుపేటలో, చీరాలలో ఉండాలి. హైదరాబాద్ నుంచి ఒక తారకం ప్రతి ఊరికీ రాలేడు. 2016 సెప్టెంబర్‌లో ఆయన కూడా వెళ్లిపోయాడు.

ఈ సంగతి అమెరికా నల్లజాతివాళ్లు మనకంటే ముందే గుర్తించారు. చార్లెస్ హ్యూస్టన్ అనే నల్ల వకీలు హోవార్డ్ యూనివర్సిటీ లా స్కూలును పోరాడే వకీళ్ల కార్ఖానాగా మార్చాడు. ఆయన శిష్యుడు థర్గుడ్ మార్షల్ సొంత రాష్ట్రం మేరీల్యాండ్‌లో లా స్కూలు నల్లవాళ్లను చేర్చుకునేది కాదు. 1933లో హోవార్డ్‌లో పట్టా తీసుకుని, గురువుతో కలిసి కేసు నడిపి, 1936కల్లా ఆ మేరీల్యాండ్ స్కూలు తలుపే ఇంకో నల్ల విద్యార్థి కోసం తెరిపించాడు. బడుల్లో వేర్పాటు చెల్లదన్న 1954 నాటి తీర్పు వెనక ఉన్నది ఇలా తయారైన వకీళ్లే. బడి తలుపు తెరిపించే ముందు లా స్కూలు తలుపు తెరిపించుకున్నారు వాళ్లు.

రెండు పరీక్షలు, రెండు దారులు

ఇప్పుడు మన గుమ్మం ఎలా ఉంది? రెండు గుమ్మాలున్నాయి. ఒకటి లాసెట్. తొంభై నిమిషాల్లో 120 బిట్లు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీకి 30, వర్తమాన విషయాలకు 30, చట్టం, రాజ్యాంగం మీద అవగాహనకు 60. పేపరు తెలుగులోనూ ఉంటుంది. ఇతరులకు 42 మార్కులు వస్తే అర్హత, ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస నిబంధన లేదు. వినుకొండ పిల్లలు నడిచేది ఈ దారిలోనే.

రెండోది క్లాట్. జాతీయ లా యూనివర్సిటీల్లో ప్రవేశానికి 2008లో మొదలైంది. పేపరంతా ఇంగ్లీషులోనే. 2020 నుంచి చట్టం తెలిసుండక్కర్లేదు, పెద్ద పెద్ద ఇంగ్లీషు పేరాలు చదివి జవాబు చెప్పాలన్నారు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇటీవలి ఏళ్లలో ఎస్సీ, ఎస్టీలకు కూడా దరఖాస్తు ఫీజు 3,500 రూపాయలు. కోత కూలి లెక్కలో వారం రోజులకు పైబడిన కష్టం. ఇంగ్లీషొక్కటే ఎందుకని 2023లో ఢిల్లీ హైకోర్టులో పిటిషన్ కూడా పడింది.

ఇక్కడే చరిత్ర మనల్ని వెక్కిరిస్తుంది. విశాఖపట్నం దగ్గర 2008లో పెట్టిన లా యూనివర్సిటీకి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. సంతోషమే. అందులో చేరాలంటే మాత్రం క్లాట్ రాయాలి. పంతులుగిరీ చేసుకుంటూ లా చదివిన మనిషి పేరు గేటు మీద ఉంది. తెలుగు మీడియం హాస్టల్ పిల్ల ఆ పేరు చదవగలదు గానీ ఆ పరీక్ష పేపరు చదవలేదు. పేరు మనది, భాష వాళ్లది.

ఇంగ్లీషు వద్దని మేం అనడం లేదు. పై కోర్టు భాష ఇంగ్లీషే, అది రాకుండా మన వకీలు అక్కడ నెగ్గలేడు. మా అభ్యంతరం వేరు. ఇంగ్లీషు కాలేజీలో నేర్పాల్సిన విద్య. దాన్ని గుమ్మం దగ్గరే అడిగితే, ఇంట్లో నేర్చుకొచ్చినవాళ్లే లోపలికి పోతారు. మేం పోయిన ఒక కోచింగ్ సెంటర్లో మొదటి రోజే "మీ ఫాదర్ అడ్వకేటా?" అని అడిగారు. క్లాసులో చాలా చేతులు లేచాయి. మాకు చెయ్యెత్తే పని పడలేదు.

ఈ లోటు తెలిసి పనిచేసినవాళ్లు లేకపోలేదు. లా ప్రొఫెసర్ షంనాద్ బషీర్ 2010లో ఐడియా అనే సంస్థ పెట్టి, అట్టడుగు పిల్లలకు క్లాట్ శిక్షణ ఇప్పించాడు. 2019లో ఆయన చనిపోయినా ఆయన చూపిన దారి ఉంది. మన సంఘాలు ఆ పని ఊరి స్థాయికి తేవాలి.

గుమ్మం దాటాక కూడా గుమ్మాలున్నాయి. ఆలస్యంగా చదువు మొదలెట్టేది ఎవరు? మనమే. 2016లో బార్ కౌన్సిల్ లా కోర్సులకు వయసు పరిమితి మళ్లీ తెచ్చింది. 2017 మార్చిలో సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. పట్టా చేతికొచ్చాక ఎన్‌రోల్‌మెంట్ పేరుతో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజేవి. చట్టంలో ఉన్నది జనరల్‌కు 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలేనని, అంతకు మించి వసూలు చేయరాదని 2024 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ సంగతి లా చదివే ప్రతి దళిత విద్యార్థికీ తెలియాలి. ఎవరైనా ఎక్కువ అడిగితే తీర్పు చూపించాలి.

మన పని

వాడలో అంబేద్కర్ భవనమో, చర్చి వరండానో ఉంటుంది. కోతల నెలల్లో సాయంత్రం రెండు గంటలు అక్కడ లైటు వెలగాలి. టీచర్లు రాజ్యాంగం తెలుగు ప్రతిని, అత్యాచారాల నిరోధక చట్టాన్ని ముందు పెట్టి చదివించాలి. 39ఎ అధికరణ అంటే ఉచిత న్యాయ సహాయమని చెప్పి ఊరుకోకుండా, ఆ సహాయం ఏ కోర్టులో ఎవరిని అడగాలో కూడా చెప్పాలి. పిల్లల్ని నెలకొకసారి వినుకొండ కోర్టుకు తీసుకుపోయి కూర్చోబెట్టాలి. కారంచేడు, చుండూరు కేసుల్లో ఏ మెట్టు దగ్గర ఏం జరిగిందో పెద్దవాళ్లు చెప్పాలి. ఇలా చదివిన పిల్లకు లాసెట్‌లో 60 మార్కుల భాగం సగం ఇంటి పాఠమే అవుతుంది. ఇంగ్లీషుకు మాత్రం ఎనిమిదో తరగతి నుంచే విడిగా పూనుకోవాలి. ఇంటర్ అయ్యాక మొదలెడితే క్లాట్ అందదు.

17 అని గుర్తించిన పిల్లకు ఒక మార్కు వస్తుంది. ఆ 17 కోర్టులో నిలబడాలంటే ఆ పిల్ల నల్లకోటు వేసుకుని అక్కడ ఉండాలి. ఆ పని గబ్బిలానికి అప్పజెప్పే రోజులు పోయాయి.