గడియారం పట్టించింది

రాత్రి పదిన్నర. ప్యాపిలిలో మృగశిర వాన. రేకుల మీద దబదబా బాదుతోంది.

ఫోటో స్టూడియో షట్టరు సగం దించి ఉంది. కింది సందులోంచి తడిమట్టి వాసన. డోన్ నుంచి గుత్తి వైపు పోయే లారీల మోత హైవే మీంచి వినిపిస్తోంది. బల్ల మీద పొట్ట విప్పిన పాత కంప్యూటర్. దాని ముందు స్క్రూడ్రైవర్‌తో తమ్ముడు.

"ఇంకా ఎంతసేపురా?"

"పది నిమిషాలన్నా. కాపీ అయిపోయింది. డిస్కు బిగించేదే."

500 జీబీ పాత హార్డ్‌డిస్కులోంచి సి డ్రైవ్ ఒక్కటే 240 జీబీ కొత్త ఎస్ఎస్‌డీలోకి ఎక్కింది. డి డ్రైవ్ పాతదాంట్లోనే ఉంది. అందులో మూడు పెళ్లిళ్లు. కెమెరా కార్డులు ఎప్పుడో తుడిచేశారు. పొద్దున్నే ఆల్బమ్ కర్నూలు ల్యాబుకు పోవాలి. ఆ ఫోటోలకు రెండో కాపీ లేదు.

తమ్ముడు ప్లగ్గు పీకి, ఫ్యాను రెక్కల మీద అట్టకట్టిన దుమ్మును బ్రష్షుతో దులిపి, హార్డ్‌డిస్కు కేబుల్ ఊడదీసి, అరచేతిలో ఇమిడే ఆ పలుచని ఎస్ఎస్‌డీకి తగిలించి, మళ్లీ ప్లగ్గు పెట్టి, ఊపిరి బిగబట్టి బటన్ నొక్కాడు. విండోస్ గుర్తు వచ్చింది. చుక్కలు తిరిగాయి. ఆగాయి. తెరంతా నీలం.

'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్.' బూట్ కావాల్సిన డిస్కు అందడం లేదు.

"ఏమైందిరా?"

"కాపీ సరిగా కాలేదేమో. పాతదే పెడతా ఉండు."

పాత డిస్కు గిర్రున తిరిగింది. గుర్తు. చుక్కలు. మళ్లీ నీలం తెర. అదే మాట.

అన్న కుర్చీలోంచి లేచాడు. "సాయంత్రం దాకా పనిచేసింది కదరా! పోయినాయా ఫోటోలు?"

తమ్ముడు బదులు చెప్పలేదు.

పాత డిస్కులో పళ్లేలు నిమిషానికి 7200 సార్లు తిరగాలి. సూదిలాంటి చెయ్యి పరుగెత్తి ఒక్కో ముక్కా వెతికి తేవాలి. ఎస్ఎస్‌డీలో కదిలేదేమీ లేదు. అన్నీ ఫ్లాష్ చిప్పులే. తోషిబాలో ఫుజియో మసుయోకా బృందం 1987లో లోకానికి చూపించిన నాండ్ రకం అది. 1991లో శాన్‌డిస్క్ ఐబీఎంకు అమ్మిన ఎస్ఎస్‌డీలో పట్టింది 20 ఎంబీ. ధర సుమారు 1000 డాలర్లు. దానికి పన్నెండు వేల రెట్లు పట్టేది ఈ బల్ల మీదే ఉంది. కానీ లేవడం లేదు.

కేబుల్ మార్చాడు. నీలం. పోర్టు మార్చాడు. నీలం. ర్యామ్ పీకి, తుడిచి, నొక్కిపెట్టాడు. నీలం. ఇంతలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ కీచుమంది.

తమ్ముడి చెయ్యి ఆగింది. రెండు డిస్కులు ఒకే రాత్రి ఒకేలా చావవు. తప్పు డిస్కుల్లో లేదు. మరి యాడుంది?

రెండు డిస్కులూ కలిపి తగిలించాడు. డిలీట్ కీ నొక్కి, బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి పోయాడు. జాబితాలో రెండూ కనిపించాయి. అంతా బాగానే ఉంది. బయటికి రాబోతుంటే తెర మూల తేదీ కంటపడింది.

2012 జనవరి 1.

"అన్నా! ఈ డబ్బా ప్లగ్గు ఎప్పుడన్నా పీకినావా?"

"ఇన్వర్టర్ ఉంది కదా. నేనెందుకు పీకుతా?"

తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో జనం వజ్రం కోసం నేలకు కళ్లంటించి తిరుగుతారు. తమ్ముడు అలాగే మదర్‌బోర్డు మీద టార్చి తిప్పాడు. ఓ మూల రూపాయి బిళ్లంత తళుకు. బోర్డు గడియారాన్నీ సెట్టింగులనూ నిలిపే బ్యాటరీ అదే. ఎన్నడో చచ్చింది. ప్లగ్గులో కరెంటు ఉన్నన్నాళ్లూ ఆ సంగతి బయటపడలేదు. ఈ రాత్రి ప్లగ్గు పీకగానే బోర్డు అన్నీ మరిచిపోయింది. తేదీ మరిచింది. డిస్కుతో మాట్లాడే తీరూ మరిచింది. విండోస్ ఎక్కించినప్పుడు ఏహెచ్‌సీఐ. ఇప్పుడు తెర మీద ఐడీఈ.

మార్చాడు. ఎఫ్10 నొక్కాడు.

చుక్కలు ఒక చుట్టు తిరిగాయి. డెస్క్‌టాప్ వచ్చేసింది. అన్న నవ్వబోయాడు. అంతలో ఆగిపోయాడు. డి డ్రైవ్ లేదు.

"ఉండన్నా." తమ్ముడు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాడు. కాపీతో పాటు గుర్తింపు సంఖ్య కూడా వచ్చేసింది. ఒకే సంఖ్యతో రెండు డిస్కులు కనిపించేసరికి విండోస్ పాతదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేసింది. ఆన్‌లైన్ నొక్కాడు. డి తెరుచుకుంది. మొదటి ఫోటోలో తలంబ్రాలు గాల్లోనే ఉన్నాయి.

"ఆపేద్దామా?" అంటూ ప్లగ్గు మీదికి చెయ్యి చాపాడు తమ్ముడు. అన్న ఆ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"కాపీ అయ్యేదాకా దాన్ని ముట్టుకోవద్దు. ఎస్ఎస్‌డీలోకి ఒకటి. పెన్‌డ్రైవ్‌లోకి ఇంకోటి."

పొద్దున వాన వెలిసింది. కొత్త బ్యాటరీ వేశారు. తేదీ దిద్దారు. ఏహెచ్‌సీఐ మళ్లీ పెట్టారు. ఈసారి అన్నే ప్లగ్గు పీకాడు. పది దాకా లెక్కపెట్టాడు. పెట్టాడు. బటన్ నొక్కాడు.

తెర మూల ఆ రోజు తేదీయే ఉంది.