కొలతకు అందేది

ఇంగ్లీషు నేర్చుకునే చైనా విద్యార్థి 'మెజరబుల్' కోసం నిఘంటువు తెరిస్తే 'ఖ-త్స-లియాంగ్' అని కనిపిస్తుంది. 'ఖ' అంటే వీలైన. 'త్స' అక్షరం పక్కన నీటి గుర్తు ఉంటుంది, అది నీటి లోతు చూడటానికి పుట్టిన మాట మరి. 'లియాంగ్' అంటే కొలవడం. ఇంగ్లీషులో 'ఏబుల్' చివర చేరితే, చైనీసులో 'ఖ' ముందే వచ్చి కూర్చుంటుంది. ఇంత చక్కగా అతికిన అనువాదం కూడా సగం అర్థాన్నే మోస్తుందని నా వాదన. మందు వాడాక రోగిలో 'మెజరబుల్' మార్పు వచ్చిందని డాక్టరు అన్నాడంటే, కొలవడం సాధ్యమని చెప్పడం ఆయన ఉద్దేశం కాదు. మార్పు లెక్కలోకి వచ్చేంత ఉందని.

అలాగైతే 'స్పష్టమైన' అనే అర్థమిచ్చే 'మింగ్‌షియెన్' పెడితే సరిపోదా అనవచ్చు. సరిపోదు. జ్వరం ఒక పాయింటు తగ్గితే నుదుటి మీద పెట్టిన చేతికి తెలియదు, థర్మామీటరు గీత మీద తెలుస్తుంది. అదీ మెజరబులే. గణితంలో 'ఖ-త్స' చాలు, నిజమే. పత్రికల భాషలో మాత్రం వాక్యమంతా చూసి అర్థం చెప్పాలి. లాటిన్ 'మెన్సూరా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ఈ మాటకు మధ్యయుగపు ఇంగ్లీషులో 'హద్దు మీరని' అనే అర్థం ఉండేది. మితంగా తినమని మనం అంటామే, సరిగ్గా అదే. 'మిత'కూ ఆ లాటిన్ మాటకూ మూలధాతువు ఒకటే. అమితాభుడి పేరును చైనా బౌద్ధులు 'వూ-లియాంగ్-గ్వాంగ్', అంటే కొలతలేని వెలుగు, అని చెప్పుకున్నప్పుడు వాడిందీ ఆ 'లియాంగ్' అక్షరాన్నే. పలికే స్వరం ఒక్కటే మారుతుంది.